చీకట్లో చూశాకే డబ్బు కట్టండి: మా కుట్టు యూనిట్‌లో ఎనిమిది నెలలుగా ఆటోగ్లో బోర్డులు

బెంగళూరు పీణ్యలో ఒక గార్మెంట్ యూనిట్‌లో అడ్మిన్, సేఫ్టీ రెండూ నేనే చూస్తాను. గత జూన్‌లో మా మెట్లకీ తలుపులకీ చీకట్లో వెలిగే బోర్డులు, పట్టీలు కొన్నాం. బజార్లో వీటిని ఆటోగ్లో అంటారు, కొందరు నైట్ గ్లో అంటారు, ఎక్కువమంది మాత్రం రేడియం స్టిక్కర్ అనేస్తారు. ఆ చివరి పేరుతో అడిగితే మీ చేతిలో వేరే సరుకు పెట్టే అవకాశం ఉంది, దాని సంగతి కింద రాస్తాను. ఎనిమిది నెలలు వాడాక రాస్తున్నాను కాబట్టి కొన్న రోజు ఉత్సాహంతో రాసింది కాదిది.

ముందు ఎందుకు కొనాల్సి వచ్చిందో చెప్పాలి. గత మే నెలలో ఒక సాయంత్రం, ఏడుంబావు అయి ఉంటుంది, ఓవర్‌టైమ్ నడుస్తోంది, బయట ఉరుములూ వానా. కరెంటు పోయింది. మామూలుగా అర నిమిషంలో జనరేటర్ అందుకుంటుంది, ఆ రోజు దాని బ్యాటరీ దిగిపోయి ఉంది, ఎన్నిసార్లు సెల్ఫ్ కొట్టినా ఇంజన్ తిరగలేదు. పదకొండు నిమిషాలు. ఎమర్జెన్సీ లైట్లు నాలుగు ఉన్నాయి, వాటిలో హాల్లోవి రెండు వెలిగాయి, మెట్ల మీదవి రెండూ వెలగలేదు. ఫోన్లు లాకర్లలో ఉంటాయి, ఫ్లోర్ మీదకి తేకూడదు, కాబట్టి టార్చి వేసుకునే దారి కూడా లేదు. రెండో అంతస్తులో అరవై మందికి పైగా ఆడవాళ్లు. ఎవరో "షార్ట్ సర్క్యూటేమో" అన్నారు, ఆ ఒక్క మాటకి అందరూ లేచి మెట్ల వైపు నడిచారు. తోసుకోలేదు, అరుచుకోలేదు, ఒకరి భుజం ఒకరు పట్టుకుని దిగారు. అయినా మా ఫినిషింగ్ సెక్షన్‌లో పనిచేసే పిన్ని, హిందూపురం వైపు మనిషి, యాభై దాటింది, కింది ల్యాండింగ్ దగ్గర పడిపోయింది. చీలమండ విరిగింది. మర్నాడు ఆస్పత్రిలో చూడ్డానికి వెళ్తే, "గోడ దొరికిందమ్మా, గోడ పట్టుకునే దిగినాను. చదును వచ్చేసిందనుకున్నా, ఇంకో మెట్టు ఉంది" అంది. ఆ మాట నాకు చాలా రోజులు నిద్ర పట్టనివ్వలేదు. ఒక్క మెట్టు అంచు కనిపించి ఉంటే ఆమె మూడు నెలలు మంచం మీద ఉండేది కాదు.

ఆ వారమే ఆన్‌లైన్‌లో స్టిక్కర్లు తెప్పించాను. పది స్టిక్కర్ల ప్యాకెట్, చవక, రేటింగ్ బాగుంది, ఫొటోల్లో అయితే ట్యూబ్‌లైట్ లాగా వెలిగిపోతున్నాయి. వచ్చాక ఒకదాన్ని గంటసేపు ట్యూబ్‌లైట్ కింద ఉంచి, మా ఫ్యాబ్రిక్ స్టోర్‌లోకి తీసుకెళ్లాను, ఆ గదికి కిటికీ లేదు. తలుపు వేసి, తలుపు కింది సందులో గుడ్డ కుక్కి, ఫోన్‌ని బోర్లా పెట్టి కూర్చున్నాను. మొదటి రెండు నిమిషాలు భలేగా ఉంది. పది నిమిషాలకి స్టిక్కర్ ఉన్న చోటు తెలుస్తోంది, బాణం ఎటు ఉందో తెలియడం లేదు. అరగంటకి ఏమీ లేదు. గమనించండి, అరగంట చీకట్లో కూర్చుంటే కళ్లు చీకటికి బాగా అలవాటు పడి ఉంటాయి, ఆ కళ్లకే కనిపించలేదంటే వెలుతురులోంచి ఉన్నట్టుండి చీకట్లో పడ్డ మనిషికి అది ఎందుకు పనికొస్తుంది? ఇంకో మాట, ఫోన్ కెమెరాతో తీసి చూడకండి. నైట్ మోడ్ ఆన్ అయి అసలు లేని వెలుగు ఉన్నట్టు చూపిస్తుంది. అమ్మకం ఫొటోలన్నీ అలాంటివే.

తర్వాతి శనివారం పీణ్య ఇండస్ట్రీ స్టేషన్‌లో మెట్రో ఎక్కి కేఆర్ మార్కెట్ దగ్గర దిగి, ఇలాంటి షాపులుండే ఎస్‌జేపీ రోడ్డు మీద పడ్డాను. మొదటి రెండు షాపుల్లో రేడియం అని అడిగాను. ఇద్దరూ లారీల వెనక అంటించే టేపు చూపించారు. వాళ్ల తప్పేం లేదు, మన దగ్గర రేడియం అంటే అదే. అది రిఫ్లెక్టివ్ సరుకు, దాని మీద హెడ్‌లైటు పడితే ఆ వెలుతురునే వచ్చిన దారిన వెనక్కి పంపుతుంది, అంతకుమించి సొంతంగా ఒక్క చుక్క వెలుగు ఇవ్వదు. కరెంటు పోయిన మెట్ల మీద, చేతిలో టార్చి లేని మనిషికి ఆ టేపు ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే. మనకి కావాల్సింది వెలుతురు తాగి దాచుకుని చీకట్లో మెల్లగా వదిలేది. కాబట్టి ఆటోగ్లో అని, ఫొటోలుమినిసెంట్ అని, ఈ రెండు మాటలతోనే అడగండి.

మూడో షాపు సందులో ఉంది, పైకి చూస్తే ఫైర్ ఎక్స్‌టింగ్విషర్లు నింపే షాపు. నేను ఫోన్లో మా స్టోర్స్ తమ్ముడితో తెలుగులో మాట్లాడుతుంటే విని, షాపాయన "మాది పెనుకొండమ్మా, రండి కూర్చోండి" అన్నాడు. నాకు కావాల్సింది చెప్పగానే బోర్డు తీసి చూపించలేదు. "లైట్లో చూస్తే ఏం తెలుస్తుందమ్మా, ఇటు రండి" అని వెనకాల గోడౌన్లోకి తీసుకెళ్లాడు. ఈ షాపు గురించి నేను ఇంత రాయడానికి కారణం ఇదే. మూడు రకాల ముక్కలు బల్ల మీద పెట్టి, పైన లైటు వేసి, ఒకదాని మీద తన అరచెయ్యి ఆనించి ఉంచాడు. పది నిమిషాలు ఏవో మాట్లాడుకున్నాక లైటు ఆర్పి చెయ్యి తీశాడు. ముక్క అంతా లేతపచ్చగా వెలుగుతోంది, మధ్యలో ఐదు వేళ్లూ స్పష్టంగా, నల్లగా అచ్చు పడి ఉన్నాయి. "చెయ్యి కప్పిన చోటికి వెలుతురు అందలేదు, కాబట్టి అక్కడ వెలుగు లేదు. మీ యూనిట్లో బోర్డు ముందర డబ్బాలు పేర్చినా ఇంతే" అన్నాడు. నేను హాజరైన ట్రైనింగుల్లో ఎవరూ ఇంత తేలిగ్గా చెప్పలేదు.

మూడు ముక్కల్లో తేడా కూడా అక్కడే తెలిసింది. చవకది పాత రకం జింక్ సల్ఫైడ్ పొడితో చేసింది, వెంటనే వెలిగి వెంటనే నీరసపడుతుంది. మిగతా రెండూ స్ట్రాన్షియం అల్యూమినేట్ అనే పొడితో చేసినవి, అందులో యూరోపియం, డిస్ప్రోసియం అనే లోహాలు చిటికెడంత కలుపుతారట. దీన్ని 1990ల మొదట్లో జపాన్‌లో ఒక కంపెనీ తయారుచేసింది, అప్పటి నుంచే ఈ బోర్డులు గంటల తరబడి కనిపించే స్థాయికి వచ్చాయి. రేడియం ఇందులో లేదు. ఇది ప్రత్యేకంగా ఎందుకు రాస్తున్నానంటే బోర్డులు బిగించిన రోజు మా టైలర్ అమ్మాయి ఒకామె "అక్కా, రేడియం అంటే క్యాన్సర్ వస్తుందంట కదా" అని భయపడింది. ఆమె భయం ఊరికే పుట్టింది కాదు, వందేళ్ల కిందట అమెరికాలో వాచీల అంకెలకి నిజమైన రేడియం రంగు పూసిన ఆడపిల్లలు, కుంచె మొనని పెదాలతో సరిచేసుకుంటూ పనిచేసినవాళ్లు, ఆ విషంతో రోగాలొచ్చి చనిపోయారు. మనం కొంటున్న బోర్డుల్లో రేడియోధార్మికత లేదు, అవి లైటు నుంచి తీసుకున్నదే తిరిగి ఇస్తాయి. ఆ అమ్మాయిని కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. మీ దగ్గరా ఎవరైనా అడిగితే కసురుకోకుండా చెప్పండి.

ఇక బోర్డు వెనక అంకెలు. మంచి సరుకు మీద 140/20 అనో అంతకన్నా ఎక్కువో రాసి ఉంటుంది. లైటు ఆరిన 10 నిమిషాలకి చదరపు మీటరుకి 140 మిల్లీక్యాండెలాలు, 60 నిమిషాలకి 20 మిల్లీక్యాండెలాలు వెలుగు ఉంటుందని దాని అర్థం, మిల్లీక్యాండెలా అంటే వెలుగుని కొలిచే చిన్న కొలత. పోలిక కావాలంటే, ప్రయాణికుల ఓడల్లో నేల దగ్గర అమర్చే ఇలాంటి పట్టీలకి అంతర్జాతీయ నియమం 10 నిమిషాలకి కనీసం 15, 60 నిమిషాలకి కనీసం 2. బోర్డు మీద 140/20 తర్వాత ఉండే పెద్ద అంకె, వెలుగు 0.32 మిల్లీక్యాండెలాలకి పడిపోవడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో చెబుతుంది. చీకటికి అలవాటుపడ్డ కన్ను గుర్తించగల వెలుగుకి అది వంద రెట్లు. "పన్నెండు గంటలు వెలుగుతుంది" అని డబ్బా మీద ఉంటే ఆ లెక్కన చెబుతున్నారన్నమాట, మెట్లు దిగడానికి సరిపడా వెలుగు పన్నెండు గంటలు ఉంటుందని కాదు. మీకు పనికొచ్చేది 10 నిమిషాల అంకె. టెస్ట్ రిపోర్టు అడగండి. నాకు మొదట ఇచ్చింది మసకబారిన జిరాక్స్, ఒక్క అంకె చదవలేకపోయాను, సరైన కాపీ వాట్సాప్‌లో రావడానికి నాలుగు రోజులు పట్టింది, మూడుసార్లు ఫోన్ చేశాక. ఈ ఒక్క విషయంలో షాపుకి మార్కులు తగ్గిస్తున్నాను.

ఆర్డర్‌లో నేను చేసిన తప్పు మీరు చేయకండి. పరుగెత్తే మనిషి బొమ్మ ఉంటుంది కదా, జపాన్‌కి చెందిన యూకియో ఓటా గీసిన బొమ్మ, ఆ మనిషి ఏ వైపు పరుగెడుతుంటే బాణం ఆ వైపే ఉండాలి. భద్రతా బోర్డుల బొమ్మలకి అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 7010, అందులో ఎడమ వైపుది E001, కుడి వైపుది E002. నేను అన్నీ E002 అని రాసి ఇచ్చాను. బిగించేటప్పుడు చూస్తే వెనక మెట్ల వైపు వెళ్లాల్సిన నాలుగు బోర్డులూ గోడ వైపుకి దారి చూపిస్తున్నాయి. షాపాయన మారు మాట్లాడకుండా మార్చి ఇచ్చాడు, ఆటో ఖర్చు మాది. ముందే కాగితం మీద ఫ్లోర్ ప్లాన్ గీసుకుని, ఒక్కో తలుపు ముందు స్వయంగా నిలబడి, ఎడమా కుడా రాసుకోండి. మా దగ్గర కన్నడ, తెలుగు, హిందీ, ఒడియా మాట్లాడేవాళ్లు ఉన్నారు, చదవలేనివాళ్లూ ఉన్నారు, వాళ్లందరికీ పనికొచ్చేది ఆ బొమ్మా బాణమే. కింద కన్నడం, ఇంగ్లీషు రెండూ వేసి ఇచ్చారు, దానికి అదనంగా తీసుకోలేదు.

ఇంకో సంగతి నేను ముందు ఊహించలేదు. చీకట్లో రంగులుండవు. పగలు ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ బోర్డు ఎర్రగా, ఎగ్జిట్ బోర్డు ఆకుపచ్చగా ఉంటాయి, లైటు పోగానే ఎరుపూ ఆకుపచ్చా రెండూ నల్లబడిపోయి, మధ్యలో లేతరంగు భాగాలు మాత్రమే వెలుగుతాయి. దూరం నుంచి ఏది ఏదో బొమ్మని బట్టే తెలియాలి. అందుకే చిన్న సైజు బోర్డులు తీసుకోకండి. మేం 300 బై 150 మిల్లీమీటర్లవి తీసుకున్నాం, హాలు పొడుగ్గా ఉండే చోట ఇదీ చాలదు, ఇంకా పెద్దవి కావాలి.

ఖర్చు: బోర్డు 320 రూపాయలు, 18 తీసుకున్నాం. మెట్ల పట్టీ, గరుకుగా ఉండి మధ్యలో వెలిగే గీత ఉన్నది, 5 మీటర్ల చుట్ట 650. మా మెట్లు నాలుగు వరసలు, వరసకి 11, మొత్తం 44. ఒక్కో మెట్టుకి 1.2 మీటర్ల పట్టీ, చుట్టకి నాలుగు మెట్లు, 11 చుట్టలు. అన్నీ కలిపి 13 వేలకి దగ్గరగా అయింది, జీఎస్టీ వేరే. ఒక్కో చుట్టకి మిగిలిన జానెడు ముక్కలు పారేయలేదు. తలుపు హ్యాండిల్ చుట్టూ, మెయిన్ స్విచ్ దగ్గర అంటించాం. నిజం చెప్పాలంటే ఆ జానెడు ముక్కలే ఎక్కువ ఉపయోగపడుతున్నాయి, ఎందుకంటే తలుపు ఎక్కడుందో తెలిసినా గడియ ఎక్కడుందో చీకట్లో తడుముకోవాల్సి వస్తుంది.

బిగించే ఎత్తు గురించి మా మేస్త్రీతో గట్టిగా వాదించాల్సి వచ్చింది. అన్నీ తలుపు పైన బిగిస్తే అందంగా ఉంటుందన్నాడు. తలుపు పైన ఒకటి ఉండాలి, నిజమే, కానీ పొగ ముందు పైకప్పు కింద పేరుకుని కిందికి దిగుతుంది, పైనున్న బోర్డు మొదట మాయమవుతుంది. కాబట్టి మోకాలి ఎత్తులో కూడా బాణాలు ఉండాలి, మెట్ల అంచులకి పట్టీ ఉండాలి. 1993లో న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లో బాంబు పేలినప్పుడు జనం పొగలో, చీకటి మెట్ల మీద గంటల తరబడి దిగారు, ఆ తర్వాతే అక్కడి మెట్లకి, రెయిలింగులకి ఈ వెలిగే రంగు వేశారు, 2001లో విమానాల దాడి రోజు దిగినవాళ్లకి అది దారి చూపింది. 2004లో ఆ నగరం 75 అడుగులు దాటిన ఆఫీసు భవనాలకి దీన్ని చట్టంగానే చేసింది. అంత దూరం ఎందుకు, మన ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డులో కార్ల్‌టన్ టవర్స్‌లో 2010 ఫిబ్రవరి 23న మంటలొచ్చినప్పుడు తొమ్మిది మంది చనిపోయారు. భవనం పొగతో నిండిపోయి, కిందికి వచ్చే దారి లేక కొందరు కిటికీల్లోంచి దూకారు. అక్కడ బోర్డులుంటే బతికేవారని నేను అనడం లేదు, తాళం వేసిన తలుపుని ఏ బోర్డూ తెరవలేదు. మా యూనిట్లో బోర్డులు బిగించిన రోజే వెనక మెట్ల తలుపు తాళం కూడా తీయించాను, సరుకు పోతుందని సెక్యూరిటీ వాళ్లు గొడవపడినా వినలేదు.

పిన్ని చెప్పిన మాట ప్రకారం ప్రతి వరసలో మొదటి మెట్టుకీ చివరి మెట్టుకీ రెండేసి గీతలు వచ్చేలా చేయించాను, దానికి మామూలు వెలిగే టేపు ఇంకో చుట్ట పట్టింది. రెండు గీతలు కనిపిస్తే ఇక చదును అని అందరికీ చెప్పాం.

జూలైలో రాత్రి ఏడున్నరకి లైట్లన్నీ ఆర్పి మాక్ డ్రిల్ చేశాం, ఎమర్జెన్సీ లైట్లు కూడా కావాలనే తీసేసి. నేను మధ్య ల్యాండింగ్‌లో నిలబడ్డాను. పైనుంచి చూస్తే మెట్లు లేతపచ్చ నిచ్చెన లాగా ఒకదాని కింద ఒకటి దిగుతున్నాయి, మనుషుల ముఖాలు కనిపించవు, పాదాలు గీతల మీద పడి లేస్తుంటే గీత ఆరి వెలిగినట్టు అనిపిస్తుంది. ఒక్కరూ గోడ తడమలేదు. మొత్తం ఖాళీ అవడానికి మూడు నిమిషాల లోపే పట్టింది.

ఇప్పుడు ఇబ్బందులు, ఇవి కొంచెం ఎక్కువే. మొదటిది, మా మెట్ల మీద అప్పటిదాకా మనిషి వస్తే వెలిగే సెన్సర్ బల్బులుండేవి, పసుపు వెలుతురువి. ఆ బల్బులు ఎక్కువసేపు ఆరిపోయే ఉంటాయి, పైగా ఈ పొడికి నీలం, అతినీలలోహిత వెలుతురు బాగా పడుతుంది, పసుపు వెలుతురుతో సరిగ్గా ఛార్జ్ కాదు. ఆ బల్బులున్న వారం రోజులూ బోర్డులు దండగ. తెల్ల ఎల్‌ఈడీ ట్యూబులు వేయించి, షిఫ్టుకి గంట ముందు నుంచి చివరిదాకా వెలిగేలా పెట్టాం. కరెంటు బిల్లు గురించి అకౌంట్స్ వాళ్లు అడిగితే ఆస్పత్రి బిల్లు చూపించాను. కింది మలుపులో మెట్ల కింద నీడ పడే మూల ఒకటి ఉంది, అక్కడ ఇప్పటికీ వెలుగు తక్కువే.

రెండోది అరుగుదల. మెట్ల పట్టీ మధ్య భాగం, రోజూ రెండు వందల పాదాలు పడే చోట, ఆరో నెలకి మట్టి పట్టి నల్లబడింది. సబ్బు నీళ్లు, మెత్తటి బ్రష్‌తో రుద్దితే చాలావరకు వస్తుంది, కానీ మొదటి వరసలో ఎనిమిది మెట్లకి మధ్యలో గీతే అరిగిపోయింది. షాపాయన అప్పుడే అల్యూమినియం అంచులో బిగించి వచ్చే రకం తీసుకోమన్నాడు, మూడు రెట్ల ధర అని మేనేజ్‌మెంట్ ఒప్పుకోలేదు. జనం ఎక్కువగా తిరిగే మెట్లయితే మొదటే అది తీసుకోండి. థిన్నర్, కిరసనాయిలు తగలనివ్వకండి, ప్రింట్ పోతుంది. కుట్టు యూనిట్లో దూది నుసి గాల్లో ఉంటుంది, బోర్డుల మీద తెల్లటి పొరలా పేరుకుంటుంది, వారానికోసారి తడిగుడ్డతో తుడవాల్సిందే. ఇస్త్రీ సెక్షన్‌లో ఆవిరికి రెండు బోర్డులు డబుల్ టేపు ఊడి కింద పడ్డాయి, తర్వాత అన్నిటికీ స్క్రూలు కొట్టించాం. డిస్టెంపర్ గోడ అయితే టేపుని అసలు నమ్మకండి. తడి తగిలే చోట బోర్డు అంచులకి సీలింగ్ టేపు వేయమన్నాడు షాపాయన, ఈ పొడికి నీళ్లు పడవట.

ఆయుధపూజ రోజు మిషన్లన్నీ కడిగి, బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, తలుపులకి మామిడాకులు, బంతిపూల దండలు కట్టారు, బాగా చేశారు. సాయంత్రం తాళం వేసే ముందు అలవాటుగా లైట్లార్పి చూశాను. వెనక ఎగ్జిట్ బోర్డు సగం వెలుగుతోంది. దండ పక్కకి జరిపితే దాని నీడ అలాగే బోర్డు మీద ఉంది, ఒక్కో బంతిపువ్వు గుండ్రంగా, నల్లగా, సరిగ్గా ఆ రోజు గోడౌన్లో చూసిన అరచెయ్యి లాగా. బాణం కొస మొత్తం పూల కింద పోయింది. దండని తలుపు పక్కనున్న మేకుకి మార్చి కట్టించాను. ఆ మర్నాడు యూనిట్ అంతా తిరిగి చూస్తే కార్టన్లు అడ్డం పెట్టిన బోర్డులు ఇంకో మూడు దొరికాయి.

ఇవి కొన్నాం కదా అని బ్యాటరీ ఎమర్జెన్సీ లైట్లు తీసేయకండి. వీటి వెలుగు దారి చూపిస్తుంది, ఎదుటి మనిషి ముఖం చూపించదు, పడిపోయినవాళ్లని వెతకడానికి చాలదు. దట్టమైన పొగలో ఇవీ కనిపించవు. మేం రెండూ ఉంచాం, నెలకి ఒకసారి ఎమర్జెన్సీ లైట్ల ప్లగ్ తీసి ఎంతసేపు వెలుగుతున్నాయో చూసి రిజిస్టర్లో రాస్తున్నాం.

బోర్డులకి ఐదుకి నాలుగున్నర ఇస్తాను. అంటించే మెట్ల పట్టీలకి మూడు. షాపుకి నాలుగు, టెస్ట్ రిపోర్టు ముందే చేతికిచ్చి ఉంటే ఐదు ఇచ్చేదాన్ని. చిన్న ఆర్డర్లకి డెలివరీ ఇవ్వరు, మనమే తెచ్చుకోవాలి.

పిన్ని సెప్టెంబర్‌లో తిరిగి పనిలో చేరింది. మొదటి రోజు సాయంత్రం లైట్లు ఆర్పించి ఆమెతో పాటు మెట్లు దిగాను. రెయిలింగ్ పట్టుకునే దిగింది, కానీ కింద రెండు గీతలు రాగానే ఆగకుండా అడుగు వేసింది. మా యూనిట్ గోడౌన్ వైపు తలుపుకి ఇంకా బోర్డు లేదని నాకు చెప్పింది కూడా ఆమే. ఆ మూల సెన్సర్ బల్బు ఈ వారం మార్పిస్తున్నాను, శనివారం మార్కెట్‌కి వెళ్లి రెండు E001లు, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ బోర్డు F001 ఒకటి తెస్తాను.